పదహారణాల లెక్క

లంగా ఓణీ కట్టుకున్న కథానాయిక ఫొటో ఒకటి బయటికొచ్చిందంటే చాలు, దాని కింద ‘పదహారణాల తెలుగమ్మాయి’ అని పడాల్సిందే. ఆ మాట రాసే కుర్రాడికి మహా అయితే పాతికేళ్ళుంటాయి. అణా బిళ్ళను వాళ్ళ తాతగారు చూసి ఉంటారు. నాన్న చూశాడో లేదో అనుమానమే. పదిహేడు కాకుండా, ఇరవై కాకుండా పదహారే ఎందుకయ్యా అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. అయినా మాటను వాడడంలో మాత్రం పొరపాటు చెయ్యడు. అచ్చమైనది, ఏ వంకా పెట్టడానికి లేనిది అన్న అర్థంలోనే వాడతాడు.

చేతిలోని వస్తువు మారినప్పుడల్లా దానితో పుట్టిన మాటల గతి ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్న. తిరగలి, ఏతం, గ్రామఫోన్, టెలిగ్రాం అంటూ ఎటు నుంచైనా మొదలుపెట్టొచ్చు. కానీ అందరి చేతుల్లోనూ ఉండి, అందరి నోళ్ళలోనూ నానిన వస్తువు నాణెం. అది మారినప్పుడు ఏ మాట బతికింది, ఏది పోయింది, ఎందుకు పోయింది అన్నది లెక్కతో సహా చెప్పొచ్చు. అందుకే జేబులోంచే మొదలుపెడదాం.

1957 మార్చి 31 దాకా రూపాయికి 16 అణాలు. అణాకు 4 కానీలు. కానీకి 3 దమ్మిడీలు. అంటే రూపాయికి 64 కానీలు, 192 దమ్మిడీలు. ఇప్పటి పిల్లలకు ఈ లెక్క చెబితే తల పట్టుకుంటారు గానీ, కాగితం, కలం లేని సంతలో ఇంతకన్నా సుఖమైన పద్ధతి లేదు. దేన్నయినా సగం చెయ్యడం కంటికీ చేతికీ తెలిసిన పని. రూపాయిలో సగం ఎనిమిదణాలు, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. నాలుగుసార్లు సగం చేస్తే పదహారో వంతు చేతికొచ్చింది, ఎక్కడా ముక్క మిగల్లేదు. అదే పదిని సగం చేసి చూడండి. ఒకసారికి అయిదు వస్తుంది, రెండోసారికే రెండున్నర అని నసగాలి.

తెలుగువాడి భిన్నాలన్నీ ఈ సగాల మీదే నడిచాయి. అర, పాతిక, వీసం. పాతిక అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు. వందలో నాలుగో వంతు కాబట్టే ఇరవై అయిదు పాతిక అయింది. పైన ఆ కుర్రాడికి పాతికేళ్ళని రాసినప్పుడు నేను వాడింది కూడా ఆ పాత భిన్నాన్నే. ‘వీసమెత్తు అబద్ధం లేదు’ అంటే పదహారో వంతు కూడా లేదని. ఇంకో ముచ్చటైన మాట ఉంది, ముప్పాతిక మువ్వీసం. నాలుగింట మూడు వంతులు, ఆపైన మూడు వీసాలు. పన్నెండూ మూడూ పదిహేను. పదహారుకు ఒక్క వీసం తక్కువ. దాదాపు అంతా అనడానికి ఇంత కచ్చితమైన మాట ఇంకోటి లేదు. ఇప్పుడు అదే మాటకి తొంభై తొమ్మిది శాతం అంటున్నాం. శాతం వచ్చి మువ్వీసాన్ని మింగేసింది.

బంగారం మేలిమికీ పదహారే కొలత. పదహారు వన్నె బంగారమంటే కల్తీ లేని అపరంజి. కాబట్టి పదహారు అనే అంకె మనవాళ్ళ మనసులో నాణేనికి ముందే ‘సంపూర్ణం’ అన్న చోట కూర్చుని ఉంది. హిందీలో సోలహ్ ఆనే అన్నా, బెంగాలీలో షోలో ఆనా అన్నా ఇదే భావం. ఇవాళ నగల కొట్లో పదహారు వన్నె అంటే ఎవరికీ అర్థం కాదు, నైన్ వన్ సిక్స్ అనాలి. ఇరవై నాలుగింట ఇరవై రెండు వంతులు, వెయ్యికి 916. 2021 జూన్ 16 నుంచి ప్రభుత్వం హాల్‌మార్క్‌ను తప్పనిసరి చెయ్యడం మొదలుపెట్టాక ఆ అంకె గాజుల లోపల సన్నటి అక్షరాల్లో కనబడుతోంది. ఇంకో యాభై ఏళ్ళకు మనవలు ఎవరినైనా మెచ్చుకోవడానికి ‘నైన్ వన్ సిక్స్ మనిషి’ అంటారేమో. అనకూడదని ఎక్కడా లేదు.

పార్లమెంటు 1955లో నాణేల చట్టాన్ని సవరించింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలు వచ్చాయి. పాత పైసాతో, అంటే కానీతో, గందరగోళం రాకూడదని తగిలించిన ‘నయా’ను 1964 జూన్ 1న తీసేశారు. తమాషా అంతా ఈ మార్పిడిలోనే ఉంది. అణాకు లెక్క ప్రకారం ఆరుంబావు పైసలు రావాలి. పావు పైసాకి నాణెం లేదు. కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టికలు వేశారు. అణా సరుకు ఆరు పైసలకిస్తే కొట్టువాడికి పావు పైసా నష్టం, మూడణాల సరుకు పందొమ్మిదికి అమ్మితే పావు పైసా లాభం.

ఈ పట్టికను జాగ్రత్తగా చూస్తే మాటల జాతకం తెలిసిపోతుంది. నాలుగణాలు సరిగ్గా 25 పైసలు. ఎనిమిదణాలు సరిగ్గా 50. పన్నెండణాలు సరిగ్గా 75. ఈ మూడే కొత్త లెక్కలో ముక్క మిగలకుండా ఇమిడాయి. అందుకే పావలా, అర్ధరూపాయి, ముప్పావలా అనే మాటలు నాణెం మారినా చెక్కుచెదరలేదు. బిళ్ళ మీద 25 అని ఉన్నా జనం పావలా అనే పిలిచారు. బేడకు ఆ అదృష్టం లేదు. రెండణాల బేడ పన్నెండున్నర పైసలు. అలాంటి నాణెం రాలేదు, రావడానికి వీల్లేదు. మూలలు గుండ్రంగా ఉన్న ఆ చదరపు బిళ్ళతో పాటే బేడ అనే పేరూ పోయింది. ఎవరికీ దాని మీద కోపం లేదు, కొత్త లెక్కలో దానికి చోటు దొరకలేదు, అంతే. మాటలు వాటి అందం వల్లనో, ప్రాచీనత వల్లనో బతుకుతాయని పండితులు అంటే నేను నమ్మను. బేడ ఎంత ముద్దొచ్చే మాట!

బేడ పోయింది సరే, అణా బిళ్ళ లేకుండా పదహారణాలు ఎలా నిలబడ్డాయి? అక్కడ పనిచేసింది లెక్క కాదు, తీర్పు. నాణేల వరసలో అన్నిటికన్నా పెద్దది పొగడ్తగా మారుతుంది, అన్నిటికన్నా చిన్నది తిట్టుగా మారుతుంది. మధ్యలో ఉన్నవే ఎవరికీ కాకుండా పోతాయి. దమ్మిడీనే తీసుకోండి. రూపాయిలో నూట తొంభై రెండో వంతు. దాంతో కొనగలిగింది ఏమీ ఉండదు. కానీ ‘దమ్మిడీకి కొరగాడు’ అన్న మాటకు ఇప్పటికీ పదును తగ్గలేదు. ‘ఎర్ర ఏగానీ ఇవ్వను’ అన్నప్పుడు ఆ ఎరుపు రాగిది. రాగి బిళ్ళ కనుమరుగై దశాబ్దాలైనా తిట్టులో రంగు వెలిసిపోలేదు.

చిల్లిగవ్వ వీటన్నిటికీ ముత్తవ్వ. నాణేలు అందరికీ అందుబాటులో లేని కాలంలో గవ్వలే చిల్లర. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేవి, బెంగాల్లోనూ ఒడిశాలోనూ శిస్తు కట్టడానికి కూడా చెల్లేవి. కంపెనీ పాలన వచ్చాక ఒడిశాలో గవ్వలు కుదరవు, శిస్తు వెండి రూపాయల్లోనే కట్టాలన్నారు. రైతు చేతిలో ఉన్న గవ్వలకు విలువ పడిపోయింది. 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదొకటి. ఇవాళ ‘జేబులో చిల్లిగవ్వ లేదు’ అని నవ్వుతూ అనేస్తాం. మామూలు గవ్వకే విలువ లేకపోతే, చిల్లు పడ్డ గవ్వ సంగతి వేరే చెప్పాలా? రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కరువై సర్కారు 1943లో నడుమ పెద్ద చిల్లున్న పైసా వేసింది. అది చక్కగా చెల్లింది. చిల్లు ఉన్నా చెల్లిన డబ్బు అది.

డబ్బు అంటే ఇంకో కథ. ఇప్పుడు కోస్తాలో ధనాన్నంతటినీ డబ్బులంటాం. డబ్బు కూడా ఒకప్పుడు ఒకానొక నాణెమే, చిన్న రాగి నాణెం. కంపెనీ వాళ్ళ రాతల్లో డబ్ అని కనబడుతుంది. చిత్తూరు, అనంతపురం వైపు, కన్నడ సీమలోనూ వినిపించే దుడ్డు కూడా అలాంటి రాగి నాణెమే. తెలంగాణలో ‘పైసలున్నయా’ అంటారు, పైసా సంగతి చెప్పక్కర్లేదు. మూడు సీమలవాళ్ళూ సంపదకు పెట్టుకున్న పేర్లు మూడూ రాగి బిళ్ళలవే. వరహాలు, మాడలు అని బంగారు నాణేలు ఉండగా వాటి పేరు మామూలు జనం ధనానికి పెట్టుకోలేదు. వాళ్ళు రోజూ తాకింది రాగినే.

తెలంగాణలో అణాల లెక్క ఇంకో రకంగా మిగిలింది. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అన్న సామెత అక్కడ వినని ఇల్లుండదు. నాలుగణాల కోడికి పన్నెండణాల మసాలా. కలిపితే సరిగ్గా పదహారు, రూపాయి. అంటే చేతిలో ఉన్న రూపాయిలో ముప్పావలా మసాలాకే పోయిందని. వస్తువుకు మూడింతలు దాని హంగుకే ఖర్చు అని ఎత్తిపొడుపు. కిలో కోడి వందలు పలికే రోజుల్లో చారాణా కోడి ఎక్కడుందని ఎవరూ అడగరు. నిష్పత్తి నిలిచింది, ధర పోయింది.

హైదరాబాద్ రాజ్యంలో అణాలు ఉన్నాయి గానీ అవి వేరే అణాలు. నిజాం సొంత రూపాయిని హాలీ సిక్కా అనేవారు, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రం మీద అచ్చువేసింది కాబట్టి కల్దార్. సుత్తితో చేతిమీద కొట్టిన నాణెం అంచులు ఎగుడుదిగుడుగా ఉండేవి, ఎవరైనా అంచు గీకి వెండి దొంగిలించినా పట్టుకోవడం కష్టం. యంత్రపు నాణేనికి అంచు చుట్టూ గాట్లుంటాయి, గీకితే దొరికిపోతారు. తర్వాత హైదరాబాదుకూ యంత్రాలు వచ్చాయి. 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది, చార్మినార్ బొమ్మతో యంత్రం మీదే నాణేలు అచ్చయ్యాయి. లెక్క ప్రకారం అవీ కల్దారులే అవ్వాలి. అయినా జనం వాటిని సిక్కా అనే అన్నారు, కల్దార్ అన్న పేరు తెల్లవాడి రూపాయికే ఉండిపోయింది. పేరు ఒకసారి ఒక వస్తువుకు అంటుకున్నాక కారణాన్ని వదిలేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1950 నుంచి రెండు రూపాయలూ పక్కపక్కనే చెలామణీ అయ్యాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ముగిసింది. టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. పాత సైఫాబాద్ భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది, 2022లో తెరిచారు. ఆసక్తి ఉన్నవాళ్ళు వెళ్ళి ఆ యంత్రాలను చూడొచ్చు.

కాలం లెక్కకూ ఇదే జరిగింది. ‘గడియ తీరిక లేదు, గవ్వ ఆదాయం లేదు’ అన్న సామెతలో చచ్చిపోయిన కొలతలు రెండున్నాయి. గవ్వ సంగతి చూశాం. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో తేలవేస్తే, అది నిండి మునగడానికి పట్టే కాలం అది. ఇప్పుడు గడియ పంచాంగంలో బతుకుతోంది, గడియారం అనే పేరులో దాక్కుంది. గంట అంటే దేవాలయంలో మోగేదే. దాన్ని కొట్టి వేళ చెప్పేవారు కాబట్టి అరవై నిమిషాలకు ఆ పేరు. గోడ గడియారం వచ్చాక ‘పన్నెండు కొట్టింది’ అన్నాం, నిజంగానే లోపల సుత్తి పన్నెండుసార్లు కొట్టేది. ఫోన్ అద్దం మీద అంకె మారితే కొట్టేదేమీ లేదు. అయినా ‘పన్నెండు కొట్టినా ఇంటికి రాలేదు’ అంటూనే ఉన్నాం.

ఈ ‘కొట్టడం’ గట్టి పిండం. టెలిగ్రాం కొట్టేవారు, అక్కడ మీట మీద వేలు నిజంగానే పడేది. టైపు కొట్టేవారు, అక్కడా దెబ్బే. 2013 జూలై 15న టెలిగ్రాం సేవ ఆగిపోయింది, టైపు మిషన్లు కోర్టు గేటు ముందు కూడా పలచబడ్డాయి. క్రియ మాత్రం చెదరలేదు. మెసేజ్ కొట్టు, ఫోన్‌పే కొట్టు అంటున్నాం. అద్దాన్ని తాకడం తప్ప కొట్టడమేముంది?

ఫోన్‌పే మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఇప్పుడు మన కళ్ళముందే అర్థం కోల్పోతున్న మాట చిల్లర. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అంతకుముందు చిల్లర ఓ రోజువారీ తంటా. బస్సులో అయిదు రూపాయల బాకీని కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చేవాడు, దిగేముందు గుర్తుచేసి పుచ్చుకోవాలి, మరిచిపోతే అంతే సంగతులు. కిరాణా కొట్లో రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టేవారు. ఇప్పుడు టీ కొట్టులో కూడా గుండ్రటి డబ్బా ఒకటి ‘పన్నెండు రూపాయలు వచ్చాయి’ అని పలుకుతుంది. ఇచ్చేదెంతో పుచ్చుకునేదీ అంతే, మిగిలేది లేదు. చిల్లర ఇవ్వాల్సిన అవసరమే లేనప్పుడు చిల్లర ఎందుకు?

కానీ ఆ మాటకు ఎప్పుడో వేరే ఉద్యోగం దొరికింది. చిల్లర బుద్ధి, చిల్లర వేషాలు, చిల్లర రాజకీయాలు. ఇవి ఎక్కడికీ పోవు. దమ్మిడీ వెళ్ళిన దారిలోనే చిల్లర వెళుతోంది, విలువ తగ్గి తిట్టులో స్థిరపడుతోంది. చిల్లర బుద్ధి అంటే తెలిసి, చిల్లర డబ్బులంటే తెలియని పిల్లలు త్వరలోనే వస్తారు.

దీనికి పూర్తిగా ఎదురు నడిచింది పావలా. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న నాణేల చెల్లుబాటు పోయింది. పావలా బిళ్ళ ఇస్తే ముష్టివాడు కూడా పుచ్చుకోడు. కానీ వడ్డీ లెక్కలో పావలా రాజే. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు శాతం. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల మహిళలకు ఇచ్చిన రుణాలకు ‘పావలా వడ్డీ’ అనే పేరు పెట్టింది అందుకే. మూడు శాతం అని ప్రకటిస్తే సగం మందికి ఎక్కేది కాదు. బ్యాంకు యాప్ ఏడాదికి 24 శాతం అంటే ఎక్కువో తక్కువో తేల్చుకోలేనివాడు, ‘రెండ్రూపాయల వడ్డీ’ అంటే లక్షకు నెలకు రెండు వేలని టక్కున చెబుతాడు. ఇది పాతదనం మీద మమకారం కాదు, ఇప్పటికీ పనికొచ్చే లెక్క. పనికొచ్చినంత కాలం పావలాకు ఢోకా లేదు.

ఒక్క మాటను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. కంపెనీలు, ప్రభుత్వాలు రోజూ జపించే నాణ్యత. నాణెం, నాణ్యం ఒకటే. ముఖ్యంగా వెండి రూపాయి చేతికి రాగానే బండ మీద కొట్టి మోత వినేవారు. ఖణేలుమంటే మంచిది, మొద్దుగా మోగితే సీసం కలిసింది. అలా పరీక్షకు నిలిచిన గుణమే నాణ్యం. ఇవాళ రోడ్లకూ, చదువులకూ, బియ్యానికీ నాణ్యత ఉండాలంటాం. మోగించి చూసేవాళ్ళే తగ్గారు.

చివరగా పాఠకులకో మాట. అర్ధరూపాయి బిళ్ళను ఏ కొట్టువాడూ తీసుకోడు కదా అని పారేయకండి. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం పది రూపాయలకు మించకుండా, అంటే ఇరవై బిళ్ళల దాకా, అది ఇప్పటికీ చెల్లుతుంది. కాదన్నవాడికి ఆ సంగతి చెప్పండి.